పెంకు పురుగును చంపుట పాపమా?

ధ్యానమునకు: ఆదికాండము 2:15, నిర్గమకాండము 22:6, ద్వితీయోపదేశకాండము 20:19, 22:8, మత్తయి 13:24–30

వానలు పడగానే మన పల్లెలలో ఇంటింటి వెనుకను ఒక చిన్న తోట లేచును. స్నానపు నీళ్లు పారు చోట నాలుగు వంగ మొక్కలు, కంప మీదికి ప్రాకించిన బీర తీగె, పందిరి మీద సొర, దిబ్బ ప్రక్కన గుమ్మడి, గోడవార రెండు అరటి చెట్లు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమలలో నీటి ఎద్దడి ఎట్టిదో మనమందరము ఎరుగుదుము. అందుచేత ఆ కొంచెము పచ్చదనము ఆ ఇంటికి కొంచెము కాదు. వారములో మూడు దినముల కూర అందులోనుండియే పొయ్యి మీదికి వచ్చును.

అట్టి తోటలోనికి ఒక ఉదయమున వెళ్లి చూడగా, మొన్న మొలచిన గుమ్మడి ఆకులు జల్లెడవలె చిల్లులు పడియుండును. వంగ ఆకులలో పచ్చదనము పోయి, ఈనెలు మాత్రమే మిగిలి, చేపల వలవలె కనబడును. అప్పుడు ఇంటివారి నోట వచ్చు మొదటి మాట, "దీనికి ఏ మందు కొట్టవలెను?" అనునది. అంతకు ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండున్నవని మేము తలంచుచున్నాము. ఈ పురుగును చంపుటకు మనకు అధికారమున్నదా? ఉన్నయెడల ఆ అధికారమునకు హద్దు ఎక్కడ? ఇది పురుగును గూర్చిన చిన్న సంగతియే గదా అని ఎవరును తలంచకుందురు గాక. చిన్న ప్రాణి మీద మన అధికారమును ఎట్లు వాడుదుమో, పెద్ద సంగతులలోను అట్లే వాడుదుము.

కాపుదలయు దయయు

కొందరు పురుగును చంపుటయే పాపమందురు. చీమల పుట్టల యొద్ద బియ్యపు పిండి చల్లు వృద్ధులను మన ఊళ్లలో చూచియున్నాము. వారిని చూచి నవ్వకూడదు. పిచ్చుకలలో ఒక్కటియు దేవుని యెదుట మరువబడదని ప్రభువే లూకా 12వ అధ్యాయములో బోధించెను గదా. మరి కొందరు, భూమిని లోపరచుకొను అధికారము మనుష్యునికి ఇయ్యబడినది, పురుగు బ్రదుకు ఒక లెక్కా అందురు. వారును ఆదికాండము మొదటి అధ్యాయమును చూపుదురు.

అయితే రెండవ అధ్యాయము 15వ వచనములో ఈ రెండు మాటలకును పొత్తు కుదురుచున్నది. అక్కడ దేవుడు మనుష్యుని తోటలో ఉంచి రెండు పనులు అప్పగించెను. ఒకటి దున్నుట, రెండవది కాచుట. కాచుట అను పని ఉన్నదనగా తోటలోనికి రానియ్యకూడనివి కొన్ని ఉన్నవన్నమాట. మందను కాయుచున్న దావీదు సింహమును ఎలుగుబంటిని ఎదిరించి గొఱ్ఱెపిల్లను విడిపించెను. తోడేలు మీద జాలిపడి మందను విడిచిన కాపరిని ఎవరును దయగలవాడని అనరు. బిడ్డల నోటి కూరను పురుగు తినుచుండగా చేతులు ముడుచుకొని చూచుట కనికరము కాదు. గనుక తోటను కాచుటకు పెంకు పురుగును చంపుట పాపము కాదని మేము నిస్సందేహముగా చెప్పుచున్నాము.

గాని ఆ వచనమే హద్దును కూడ నియమించుచున్నది. తోట మనది కాదు, మనము కాపరులము. కాపరికి అప్పగింపబడినది ఒక్క వంగ మొక్క కాదు, తోట అంతయు. అందులోని వానపాము, తేనెటీగ, ప్రక్క ఇంటి బావి, మందు కొట్టు కూలివాని ఊపిరి, ఇవన్నియు ఆ అప్పగింతలోనివే. ముట్టడి వేసిన సేన సైతము ఫలవృక్షములను నరకకూడదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము శాసించుచున్నది. న్యాయమైన యుద్ధమునకే హద్దున్నప్పుడు, పురుగు మీది యుద్ధమునకు హద్దు లేకుండునా?

ఒకే పేరు, రెండు పురుగులు

మొదటి హద్దు ఇది: చూడక చంపకూడదు.

పెంకు పురుగులలో ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జాతులే దాదాపు 4 లక్షలు. వాటిలో మన పంటను ముట్టునవి బహు కొద్ది. పేడను ఉండలు చేసి నేలలో పూడ్చు పేడపురుగు మనకు జీతము లేని సేద్యగాడు. మన సీమలోని తుమ్మలపల్లె పేరు నేడు యురేనియము గని వలన దూరదేశములలోను వినబడుచున్నది. గాని ఆ పేరులో ఉన్నది తుమ్మ చెట్టే. ఆ తుమ్మ ఆకులు తిని బ్రదుకు పచ్చని బంగారు పురుగును పట్టి, అగ్గిపెట్టెలో ఆకు వేసి దాచుకొనని పిల్లలు పూర్వము మన పల్లెలలో అరుదు. అదియు పెంకు పురుగే. దాని వలన మన వంగకు వచ్చు కీడేమియు లేదు.

అన్నిటికంటె గొప్ప పాఠము అక్షింతల పురుగులో ఉన్నది. ఎఱ్ఱని గుండ్రని వీపు మీద నల్లని చుక్కలు గల ఈ చిన్న పురుగును అందరెరుగుదురు. చిక్కుడు తీగెకు, అలసంద మొక్కకు పేనుబంక పట్టినప్పుడు అది వచ్చి ఆ బంకను దినమునకు పదులకొలది తినివేయును. దాని పిల్ల పురుగు నల్లగా, సన్నగా, మొసలి ఆకారముతో ఉండి ఆకుల మీద చురుకుగా పరుగెత్తుచు తల్లివలెనే పేనుబంకను తినును. అయితే వంగ ఆకును వలవలె చేయునదియు అక్షింతల పురుగే. అదే పేరు, అదే కుటుంబము, ఇంచుమించు అదే రూపము. దీని వీపు నిగనిగలాడక, సన్నని నూగుతో మాసిన ఇటుక రంగున ఉండును. చుక్కలు 12 గాని 28 గాని యుండును. దీని పిల్ల పురుగు పసుపు రంగున, ఒళ్లంతయు ముళ్లతో, ఆకు క్రింద అంటుకొని పచ్చదనమును గీకుచుండును. రెండు జాతులును పసుపుపచ్చని గ్రుడ్లనే గుంపుగా నిలువున పెట్టును. గనుక గ్రుడ్లను చూచి మాత్రమే తీర్పు చెప్పరాదు. దగ్గర పేనుబంక ఉన్నదా, లేక గీకిన ఆకు ఉన్నదా అని చూడవలెను.

చూడక మందు కొట్టినవాడు తన శత్రువుతో పాటు తన కావలివానిని కూడ చంపును. పేనుబంక త్వరగా పిల్లలు పెట్టి మరల నిండును. దానిని తిను పురుగు అంత త్వరగా రాదు. అందుచేత రెండవసారి మందు, మూడవసారి మందు అవసరమగును. ఈ కావలివాని విలువ ఎంతటిదో అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు 1888, 1889 సంవత్సరములలో తెలిసికొనిరి. తెల్లని దూదివంటి పొలుసు పురుగు పట్టి వారి నారింజ తోటలు నశించుచుండగా, ఆస్ట్రేలియా నుండి అక్షింతల పురుగు జాతిలోని ఒక చిన్న ఎఱ్ఱ పురుగును తెచ్చి విడిచిరి. ఏండ్లు గడువకమునుపే తోటలు తిరిగి కోలుకొనెను.

గురుగుల ఉపమానము మనుష్యులను గూర్చినదే గాని పురుగులను గూర్చినది కాదని ప్రభువే దానిని వివరించెను. అయినను అందులోని యజమానుని భయము నిజమైన సేద్యగాని భయమే. చెడ్డదానిని పెరుకు తొందరలో మంచిది కూడ పోవునేమో అని ఆయన పనివారిని ఆపెను. ఇక్కడ మనము మరియొక సంగతి తలంచవలసియున్నది. పేరును బట్టి, కులమును బట్టి, "వాని తండ్రి అట్టివాడు" అను మాటను బట్టి తీర్పు పొందుట ఎట్లుండునో మన సంఘములలో అనేకులు తమ పితరుల నాటినుండి ఎరుగుదురు. ఆ బాధ ఎరిగిన మనము, పేరు ఒకటే గనుక పురుగు ఒకటే అని చెప్పుటకు తొందరపడకూడదు. మనుష్యుని విషయములో అసలే తొందరపడకూడదు.

చేయి ముందు, మందు తరువాత

రెండవ హద్దు ఇది: చేతితో కాగల పనికి విషమును పిలువకూడదు.

గుమ్మడి, దోస, బీర లేత మొక్కలను తిను ఎఱ్ఱ పెంకు పురుగు ఎండ ఎక్కిన తరువాత చురుకుగా ఎగిరిపోవును. తెల్లవారుజామున చలికి మందముగా ఉండును. ఆ వేళకు లేచినవారు దానిని చేతితో ఏరి సబ్బు నీళ్ల చెంబులో వేయవచ్చును. మంచు ఆరకముందు జల్లించిన కట్టెల బూడిద ఆకుల మీద చల్లిన యెడల ఆ ఆకును తినుటకు అది ఇష్టపడదు. దాని పిల్ల పురుగు మొదటి వద్ద మట్టిలో దాగి వేరును, నేలకు తగులు కాయను తొలుచును గనుక కాయ క్రింద ఎండుగడ్డి గాని పెంకు గాని ఉంచవలెను. పంట అయిన తరువాత ఆ నేలను లోతుగా తిరుగవేసి కోళ్లను విడిచిన యెడల మిగిలిన పని అవి చేయును. వంగ మీది అక్షింతల పురుగునకు వారమునకు రెండుసార్లు ఆకు తిరుగవేసి చూచి, గ్రుడ్లును పిల్ల పురుగులును గల ఆకును త్రుంచి నలిపివేయుటయే చాలును.

అప్పటికిని ఆగని యెడల వేప ఉన్నది. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి గుడ్డలో కట్టి ఒక లీటరు నీటిలో రాత్రి అంతయు నానవేసి, పిండి, వడకట్టి, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలము ఆకు క్రింది వైపు తడియునట్లు చల్లవలెను. అది పురుగును తక్షణము పడగొట్టదు. తిండి మీద దానికి రోత పుట్టించును, పెరుగుదలను చెరుపును. తొందరగలవారు దీనిని పనికిరాని మందందురు. ఓపికగలవారికి ఇది చాలును.

ఇంకొక సంగతి చెప్పవలెను. మన శత్రువును మనమే పెంచుచున్న చోట్లు కలవు. కొబ్బరి మొవ్వును తొలుచు కొమ్ము పురుగు పుట్టి పెరుగునది మన పేడదిబ్బలోనే. అరటి గెలను కోసిన తరువాత నరికిన బోదెను అక్కడనే పడవేసిన యెడల ముక్కు పురుగు దానిలో కాపురముండి ప్రక్క చెట్టుకు పోవును. సామెతలు 24వ అధ్యాయములో సోమరివాని చేను ప్రక్కగా పోయినవాడు కూలిన గోడను, నిండిన ముళ్లను చూచి బుద్ధి తెచ్చుకొనెను. దిబ్బను తిరుగవేయుట, బోదెను చీల్చి ఎండవేయుట, కాపు ఉడిగిన తీగెను తీసివేయుట, ఇవి మందుల అంగడిలో దొరకవు. దినదినము చేయవలసిన పనిని చేయక విడిచి, ఒక్కనాడు విషముతో దానిని సరిచేయగోరుట మన ఆత్మీయ జీవితములోను కనబడు దోషమే.

పెరటికి గోడ ఉన్నది, విషమునకు లేదు

మూడవ హద్దు పొరుగువాడు.

నిర్గమకాండము 22:6లో ఒక ధర్మమున్నది. ఒకడు తన యొద్ద నిప్పు పెట్టగా అది ముళ్లకంపలకు అంటుకొని పొరుగువాని పంటను కాల్చిన యెడల, నిప్పు పెట్టినవాడు నష్టము చెల్లింపవలెను. నేను నా చేనిలోనే పెట్టితినని చెప్పుట చాలదు. గాలిలో కొట్టిన మందును నిప్పు వంటిదే. ప్రక్క ఇంటి ఆవు తిను గడ్డి మీద పడునది ఎవరిది? వాన కడిగి బావిలో చేర్చునది ఎవరిది?

మన తరమువారు దీనిని విన్నదే కాదు, చూచిరి. బి.హెచ్.సి. పొడిని మన తండ్రుల కాలమున చేల మీదను తోటల మీదను చల్లుచుండిరి. అది నేలలో, నీటిలో, మనుష్యుల ఒంటిలో నిలిచిపోవునని తెలిసి 1997లో మన దేశము దానిని నిషేధించెను. పెంకు పురుగులకు సిఫారసు చేయబడిన మరియొక మందు కార్బరిల్. సెవిన్ అను పేరుతో అమ్మిరి. ఆ మందును తయారుచేయు కర్మాగారము భోపాల్‌లో ఉండెను. దానికి వాడు విషవాయువే 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి నుండి 3వ తేదీ వేకువ వరకు ఆ పట్టణము మీదికి వెడలి, నిద్రించుచున్న వేలకొలది పేదలను చంపెను. ఆ మందును కూడ 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము నిషేధించెను. పురుగు మందు మన పెరటిలో ప్రారంభమై మన పెరటిలోనే ముగియదు. దానిని చేయు ఊరు ఒకటున్నది, మోయు వీపు ఒకటున్నది, త్రాగు బావి ఒకటున్నది.

ఆ మోయు వీపును గూర్చి ముఖ్యముగా చెప్పవలెను. ట్యాంకు వీపున కట్టుకొని, ముఖమునకు తువాలు మాత్రము చుట్టుకొని, గాలికి ఎదురుగా మందు కొట్టువాడు సాధారణముగా చేను గలవాడు కాడు, కూలివాడు. మన సంఘములలో అనేకుల ఇండ్లనుండి అట్టివారే పనికి వెళ్లుచున్నారు. వారిని పంపువారును మన సంఘములలో కలరు. తన కుమారుని పంపుటకు వెనుదీయు పనికి మరియొకని కుమారుని పంపువాడు, పొరుగువానిని తనవలె ప్రేమించితినని ఎట్లు చెప్పగలడు?

కొత్త ఇల్లు కట్టువాడు మేడ చుట్టు పిట్టగోడ కట్టవలెనని, లేనియెడల పడినవాని రక్తము ఆ ఇంటి మీదికి వచ్చునని ద్వితీయోపదేశకాండము 22:8 హెచ్చరించుచున్నది. మందు డబ్బాకును పిట్టగోడ కావలెను. దానిని వంటింట, ధాన్యపు కుండల యొద్ద, పిల్లల చేతికందు గూటిలో ఉంచరాదు. ఖాళీ డబ్బాను కడిగి నీళ్లకు వాడరాదు. డబ్బా మీద రంగు త్రికోణముండును. ఎరుపు అన్నిటికంటె భయంకరము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. చదువురానివారును రంగును చదువగలరు. ఎన్ని దినములు ఆగి కాయ కోయవలెనో కూడ దాని మీద వ్రాసియుండును. వంగను మూడు నాలుగు దినములకు ఒకసారి కోయుదుము. మందు కొట్టిన మరునాడు కోసి, తాను తినక సంతకు పంపుట దొంగ తూనికకంటె చిన్న పాపమని మేము అనజాలము.

పొరుగువాడు అను మాటకు మంచి పక్షమును కలదు. వేరుసెనగను పాడుచేయు వేరుపురుగు తల్లి పెంకు పురుగులు తొలకరి వాన పడిన సాయంకాలములందు నేలలోనుండి లేచి వేప చెట్ల మీదికి గుంపులుగా పోయి ఆకు తినును. ఆ రాత్రులలో ఊరివారందరు కలిసి కొమ్మలు దులిపి, రాలినవాటిని ఏరి, కిరోసిను కలిపిన నీటిలో వేసిన యెడల ఆ ఏటి బెడద చాలవరకు తగ్గును. ఒక్కడే దులిపి పదిమంది నిద్రించిన యెడల ప్రయోజనము స్వల్పము. ఏలయనగా మిగిలినవి తెల్లవారకముందే అందరి చేలలోను దిగి గ్రుడ్లు పెట్టును. ఇది ఒక్క మతము, ఒక్క వీధివారు చేయగల పని కాదు. లాంతరు పట్టుకొని వేపచెట్టు క్రింద నిలుచున్నవాని కులమును పురుగు అడుగదు.

ఒక ఆక్షేపణ

"పెరటిలో నాలుగు మొక్కలకు చేతితో ఏరవచ్చును. అప్పు తెచ్చి ఐదెకరములు వేసినవాడు ఏరుచు కూర్చుండునా?" అని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దానిని మేము తేలికగా త్రోసివేయము. చేను కాలిపోవుచుండగా అప్పులవాడు వాకిట నిలిచియున్న రైతుతో నీతి మాటలాడుట సులభము. ఆంధ్ర దేశములో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యము నేర్పబడుచున్నది. విషము లేక పంట తీయు రైతులు అనేకులున్నారు. అయినను అందరి నేల, అందరి చేతిబలము ఒకటి కాదు. తప్పనిసరియై మందు వాడినవానికి మనము తీర్పరులము కాము. అతనియొద్ద మనము కోరునది చూచుట, కొలుచుట, పొరుగువానిని తలంచుట, అంతమాత్రమే.

గాని పెరటిలో ఆ ఆక్షేపణకు చోటు లేదు. అక్కడ అప్పులవాడు లేడు, ఐదెకరములు లేవు. అక్కడ మనకు కొరత పడునది సాధారణముగా తెల్లవారి పావుగంట మాత్రమే. ఆ పావుగంటను మిగుల్చుకొనుటకు బిడ్డలాడు నేల మీద విషము చల్లుట ఏ లెక్కకును నిలువదు.

అన్నియు చేసినను కొంత పోవును. పొలములో ఓరలను, రాలిన పరిగెను పేదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించినప్పుడు, చివరి గింజవరకు నాదే అను మనస్సును దేవుడు గద్దించెను. పురుగు పేదవాడు కాదు, దానికి భాగము విడువుమని మేము చెప్పుట లేదు. అయితే ఒక్క చిల్లు లేని ఆకు, ఒక్క మచ్చ లేని కాయ కావలెనను ఆశయే అనేక విషములకు తల్లి. సంతలో మచ్చ గల వంకాయను త్రోసివేసి నిగనిగలాడుదానిని ఏరుకొను మన చేయియే రైతు చేత రెండవ ట్యాంకు కొట్టించుచున్నది. మచ్చ కోసివేసి వండిన కూర రుచి తగ్గదు.

ప్రియులారా, కాపుదల అనగా ముందుగా చూచుట. ఆకు తిరుగవేసి చూచినవాడు శత్రువును గుర్తించును, స్నేహితుని విడిచిపెట్టును, తన దిబ్బలోని తప్పును కనుగొనును, గోడ ఆవలి వానిని తలంచును. ఈ మాసమున ప్రతి ఇంటివారును తెల్లవారుజామున ఒక్కసారి పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలోనికి వెళ్లుదురు గాక. ఏది మేలు చేయు అక్షింతల పురుగో, ఏది కీడు చేయునదో వారికి చూపుదురు గాక. చంపవలసినదానిని చంపుట ఒక్క క్షణములో నేర్వవచ్చును. విడిచిపెట్టవలసినదానిని గుర్తుపట్టుట నేర్చుకొనుటకు చిన్ననాటినుండి మొదలుపెట్టవలెను.